ఇంటి ముచ్చట: గోధుమ ముట్టని పిల్ల

ఈ మధ్య మన వాడల్లో ఏ గల్లీకి పోయినా ఒకటే మాట. "మేము గోధుమ బంద్ చేసినం, పాలు గూడ బంద్." ఫోన్లో ఎవరో చెప్పారట, గోధుమ విషమని, పాలు దూడకే గాని మనిషికి కావని. ఒకామె మోకాళ్ళ నొప్పికి మానేసింది. ఇంకొకామె సన్నబడాలని మానేసింది. ఎంఐడిసిలో టవల్ సాంచాల మీద పనిచేసే పోరడొకడు ఏ రోగమూ లేకుండానే, దోస్తులు మానేశారని తానూ మానేశాడు. మా ఇంట్లో ఒక పిల్ల నిజంగానే ఈ రెండూ మానేసి పది నెలలు దాటిందని తెలిసి, "వదినా, ఇల్లు ఎట్ల నడుపుతున్నరో జర రాయరాదూ" అని నలుగురైదుగురు అడిగారు. అందుకే ఈ నెల ఆ ముచ్చట. మేము మానింది సోకుకు కాదు, తప్పనిసరై. ఆ తేడా ఎక్కడుందో కూడా చెబుతాను.

పిల్ల అంటే నా కొడుకు బిడ్డ. ఏడేళ్ళది. ఐదో ఏడు దాటినప్పటి నుంచి చేతులు కాళ్ళు పుల్లల్లాగా, కడుపు మాత్రం కుండలాగా ఉండేది. రోజుకు నాలుగైదు సార్లు జిడ్డుజిడ్డుగా, వాసనగా విరేచనం. నోట్లో పుండ్లు. బడి నుంచి రాగానే ఆడుకోవడానికి పోయేది కాదు, గోడకు ఆనుకొని కూర్చునేది. ఏడు నిండేసరికి 15 కిలోలు. పక్కింట్లో అదే ఈడు పిల్ల 22 కిలోలు. రక్తం పరీక్ష చేస్తే 7 ఉందన్నారు. నట్టల మందు ఎన్నిసార్లు తాగించామో, ఐరన్ టానిక్కు సీసాలు ఎన్ని తెచ్చామో లెక్క లేదు. మా వియ్యపురాలు వచ్చి దిష్టి తీసింది, తాయెత్తు కట్టింది. ఒక దవాఖానలో అయితే, "బీడీల ఇండ్లల్ల పిల్లలు ఇట్లనే ఉంటరు, మంచిగ తినిపించుండ్రి" అని పంపేశారు. ఆ మాటకు నా కోడలు మూడు రోజులు సరిగ్గా ముద్ద మింగలేదు. ఆమె తినిపించనిది ఎప్పుడు? పొద్దున్నే నెయ్యి రాసిన చపాతీ, గ్లాసు నిండా పాలు, పాలల్లో ముంచుకోవడానికి బిస్కెట్లు. తన నోరు కట్టుకొని పిల్లకు పెట్టేది. పెట్టినకొద్దీ పిల్ల చిక్కేది.

రెండేళ్ళు ఇట్ల తిరిగినంక ఒక పిల్లల డాక్టరమ్మ పిల్ల ఎత్తు కొలిచి, పాత చీటీలు అన్నీ ముందు పెట్టుకొని చూసి, "ఇది తిండి తక్కువై కాదమ్మా, తిన్నది ఒంటికి పట్టక" అన్నది. టిటిజి అనే రక్త పరీక్ష రాసింది. అది బాగా ఎక్కువ వచ్చింది. తర్వాత గొట్టం వేసి చిన్నపేగు నుంచి చిన్న చిన్న ముక్కలు తీసి పరీక్షకు పంపారు. ఆ ఖర్చుకు నా భిషీ డబ్బులు ముందే ఎత్తుకున్నాను, నష్టమైనా సరే అని. జబ్బు పేరు సీలియాక్. పంజాబు, హర్యానా వైపు ఎక్కువగా కనబడుతుందట, మన దక్షిణాది వాళ్ళలో తక్కువ. తక్కువ గనక ఇక్కడ చాలామంది డాక్టర్లకు వెంటనే తట్టదు.

ఇక్కడే అసలు సంగతి ఒకటి ఉంది, అక్కలు గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ పరీక్షలు గోధుమ తింటున్నప్పుడే చేయించుకోవాలి. ముందే మానేస్తే రక్తంలో ఆ గుర్తు తగ్గిపోతుంది, పేగు కూడా మానడం మొదలుపెడుతుంది, జబ్బున్నా లేనట్టు కాగితం వస్తుంది. మాకు తెలిసిన ఒకామె ఫోన్లో చూసి మూడు నెలలు గోధుమ మానేసింది, ప్రాణం కొంచెం తేలికైంది, తర్వాత పరీక్షకు పోయింది. "కొన్ని వారాలు మళ్ళీ రోజూ గోధుమ తిని రా" అన్నారు డాక్టరు. తింటే మళ్ళీ అవే నొప్పులు. ఇప్పుడామె తినలేక, పరీక్ష చేయించుకోలేక మధ్యలో నిలబడింది. కాబట్టి కడుపులో ఏదో ఉందని అనుమానముంటే ముందు పరీక్ష, తర్వాత మానుడు.

జబ్బు ఏమిటో డాక్టరమ్మ చెప్పింది నాకు సగమే అర్థమైంది. ఇంటికొచ్చి మా ఆయన టవల్ పట్టుకొని చూస్తే మిగతా సగం అర్థమైంది. మన షోలాపూర్ టర్కీ టవల్ మీద లూపులు ఉంటాయి కదా. ఆ లూపులే నీళ్ళు పీలుస్తాయి. మన చిన్నపేగు లోపల కూడా అట్లాంటి సన్నటి పోగులు లక్షల్లో ఉంటాయి, తిన్న తిండిలోని సారాన్ని అవే పీలుస్తాయి. గోధుమలో, బార్లీలో, మన దగ్గర దొరకని రై అనే ధాన్యంలో గ్లూటెన్ అనే బంక ఉంటుంది. చపాతీ పిండి సాగేది దానివల్లే. మనలో ఎక్కువమందికి దానితో ఏ గొడవా లేదు. ఈ జబ్బున్న వాళ్ళకు మాత్రం అది తగిలితే ఒంట్లోని కాపలాదారులే తిరగబడి సొంత పేగు మీద పడతారు. లూపులన్నీ కొట్టుకుపోయి టవల్ బోడి గుడ్డలా అవుతుంది. ఇక ఎన్ని నీళ్ళు పోసినా జారిపోవడమే. పిల్లకు పెట్టిన నెయ్యి, పాలు, ఐరన్ టానిక్కు అన్నీ అట్లా జారిపోయినవే.

మరి పాలు ఎందుకు మానాలి? పాలలో ఒక రకం చక్కెర ఉంటుంది, లాక్టోజ్ అంటారు. దాన్ని అరిగించే రసం ఆ లూపుల కొసలలోనే పుడుతుంది. లూపులు పోతే ఆ రసమూ పోతుంది. పాలు తాగితే కడుపుబ్బరం, నీళ్ళ విరేచనం. గోధుమ మానితే కొన్ని నెలల్లో లూపులు మళ్ళీ మొలుస్తాయి, పాలు అరిగే గుణం తిరిగి వస్తుంది. అంటే మా పిల్లకు పాలు కొన్నాళ్ళ పథ్యం, గోధుమ బతికినన్నాళ్ళ పథ్యం. దీనికి మందు గోళీ లేదు, మానడమే మందు. నెయ్యిలో ఆ చక్కెర దాదాపు ఉండదు గనక కొంచెం వాడుకోవచ్చన్నది డాక్టరమ్మ. పాలు అసలు పడని ఎలర్జీ వేరే ఉంటుంది, వాళ్ళు నెయ్యి కూడా ముట్టకూడదు. రెండూ కలపకండి.

గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న లంకెను గట్టిగా పట్టుకున్నది హాలండ్ దేశపు పిల్లల డాక్టరు, విల్లెమ్ డికె అనే ఆయన. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల అక్కడ ఘోరమైన కరువు వచ్చింది, రొట్టె దొరకలేదు. ఊరంతా ఆకలితో చిక్కిపోతుంటే ఈ జబ్బు పిల్లలు మాత్రం కోలుకున్నారు. తర్వాత విమానాల్లో రొట్టె వచ్చి పడగానే మళ్ళీ మొదటికి వచ్చారు. కరువులో కోలుకున్న పిల్లలు! మా కోడలికి ఈ సంగతి చెబితే చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు వంటింట్లోకి వద్దాం. గోధుమ లేకుండా ఏం తినాలి అని పట్నపోళ్ళు తల పట్టుకుంటారట. ప్యాకెట్ల మీద గ్లూటెన్ ఫ్రీ అని రాసి మామూలు బిస్కెట్టుకు నాలుగింతల ధరకు అమ్ముతారు. ఆ మాట ప్యాకెట్టు మీద రాయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ గ్లూటెన్ ఉండకూడదని మన దేశపు నియమం. బస్సు ప్రయాణానికో, పుట్టినరోజుకో ఒకటి కొనుక్కోవచ్చు గాని బీడీల కూలితో రోజూ అది ఎవరి వల్ల అవుతుంది? మనకు అవసరమూ లేదు. మన అవ్వలు, తాతలు తెలంగాణ ఊళ్ళ నుంచి మగ్గాలు వదిలి గిర్ణీల్లో పనికి ఇక్కడికి వచ్చినప్పుడు తిన్నది జొన్న రొట్టె. వచ్చిన చోటు కూడా జొన్నల సీమే. మంగళవేఢా జొన్నకు ఆ నేల పేరుతో భౌగోళిక గుర్తింపే ఉంది. జొన్న, సజ్జ, రాగి, మక్క, బియ్యం, ఏ పప్పైనా సరే, వీటిలో ఆ బంక లేదు. చపాతీ మన ఇండ్లల్లోకి రేషన్ సంచితో వచ్చింది, తర్వాత మర్యాదగా మారింది. చుట్టం వస్తే చపాతీ, ఇంటివాళ్ళకు రొట్టె. ఇప్పుడు చూస్తే మాల్‌దండి జొన్న గోధుమ కంటే ప్రియం.

రేషన్ మాట వచ్చింది గనక అదీ చెబుతాను. 2013 ఆహార భద్రత చట్టం ప్రకారం మనిషికి నెలకు 5 కిలోల ధాన్యం, 2023 జనవరి నుంచి పైసలు కూడా లేవు. చట్టంలో జొన్న, సజ్జలాంటి వాటికీ చోటుంది గాని మా దుకాణంలో దొరికేది గోధుమ, బియ్యమే. పిల్ల పేరు మీద వచ్చే గోధుమ పిల్ల తినకూడదు. జొన్నలు బజారులో కొనాలి. బియ్యం దానికి పెట్టి, గోధుమ పెద్దవాళ్ళం తిని, నెలకు నాలుగు కిలోల జొన్నలు, ఒక కిలో రాగులు కొంటున్నాం. పాలు మానిన డబ్బు వాటికి సరిపోయింది.

డబ్బు కంటే పెద్ద చిక్కు చేతులది. నా కోడలు రోజుకు వెయ్యి బీడీలు చేయాలి. ఆకు తడపాలి, కత్తిరించాలి, చుట్టాలి, దారం కట్టాలి. చపాతీలైతే ఒక దెబ్బకు ఇరవై ఒత్తి పడేస్తుంది. జొన్న రొట్టె అట్లా కాదు. పిండిలో సాగే బంక లేదు గనక నీళ్ళు మసలబెట్టి పోయాలి, అరచేత్తో బాగా మర్దించాలి, ఒక్కొక్కటీ కొట్టాలి, పెనం మీద వేసి పైన తడి రాయాలి. పిండి ముందే కలిపి పెడితే పగులుతుంది. మొదటి నెలలో ఆమె బీడీలు ఎనిమిది వందలకు పడిపోయాయి. అందుకే రొట్టెలు నేను తీసుకున్నాను. ముప్ఫై ఏళ్ళు బీడీలు చుట్టి వేళ్ళు వంకర పోయినా, రొట్టె కొట్టడానికి అరచెయ్యి చాలు కదా. రాత్రి పూట ఇంటిల్లిపాదికీ జొన్న రొట్టే. పిల్లకొక్కదానికే వేరే పెడితే అది పళ్ళెం చూసి పళ్ళెం చూసి ఏడ్చేది. మగవాళ్ళ డబ్బాల్లోకి మాత్రం చపాతీ, అదీ వేరే పెనం, వేరే పీట మీద. పిల్ల పెనానికి కొనకు ఎర్ర దారం కట్టాం, చుట్టాలు వచ్చినప్పుడు తెలియక తీయకుండా.

గోధుమ ఎక్కడెక్కడ దాక్కుంటుందో తెలుసుకోవడానికి మాకు రెండు నెలలు పట్టింది. ఉప్మా రవ్వ, సేమియా, మైదా, పావు, టోస్టు అంటే అందరికీ తెలిసినవే. డబ్బా ఇంగువలో చాలావాటికి గోధుమ పిండో, మైదానో కలుపుతారని తెలుసా? డబ్బా వెనుక చిన్న అక్షరాల్లో ఉంటుంది. మేము ఇంగువ తీసేసి వెల్లుల్లి వేస్తున్నాం. పిల్లల బలానికని పాలల్లో కలిపే మాల్టు పొళ్ళు బార్లీ, గోధుమలతోనే చేస్తారు. చైనీస్ బండి మీద నల్ల సాసులో గోధుమ ఉంటుంది. పూరీలు వేయించిన నూనెలో వేసిన బజ్జీ కూడా పనికిరాదు. ఓట్లు మంచివే గాని గోధుమలతో కలిసి మిల్లుల్లో ఆడతాయి, మేము వాటి జోలికి పోలేదు. ఇడ్లీ రవ్వ బియ్యానిది గనక ఫరవాలేదు, అయినా విడిగా అమ్మే కొట్టులో ఒకే చెంచా అన్ని సంచుల్లో తిరుగుతుంది, అందుకే బియ్యం నానబెట్టి ఇంట్లోనే రుబ్బుతున్నాం.

అన్నిటికంటే మోసపోయేది పిండి గిర్ణీ దగ్గర. మనం జొన్నలు శుభ్రంగా ఏరి, కడిగి, ఎండబెట్టి తీసుకుపోతాం. అక్కడ అంతకుముందు ఎవరివో పది కిలోల గోధుమలు ఆడి ఉంటాయి. జొన్నలకు వేరే రాయి ఉన్న గిర్ణీ అయినా గాలి నిండా గోధుమ పిండి, మూతికి కట్టే గుడ్డ అదే, ఊడ్చే చీపురు అదే. పథ్యం మొదలుపెట్టిన రెండు నెలలకు కూడా పిల్ల కడుపు పూర్తిగా కుదుటపడకపోతే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "పిండి ఎక్కడ పట్టిస్తున్నరు?" ఇంటి గిర్ణీ మిషను కొనే స్తోమత లేదు. మా అత్తగారి ఇసుర్రాయి అటక మీద సామాన్ల వెనుక ఉండేది. దించి, కక్కు కొట్టించి, మూడుసార్లు కడిగి, మొదట రెండు కిలోల బియ్యం ఇసిరి ఆ నూక పావురాలకు వేసి, తర్వాత జొన్నలు పోశాం. వారానికి ఒక కిలో, ఆదివారం పొద్దున. నేను ఒకవైపు, కొడుకు ఒకవైపు. పగలంతా సాంచాల మోతలో ఉండే మనిషి, ఇసుర్రాయి దగ్గర కూర్చుంటే నాతో నాలుగు మాటలు మాట్లాడుతున్నాడు. ఇది లాభం కింద రాసుకున్నాను. మూడో నెల నుంచి పిల్ల రోజుకు ఒక్కసారే పోతున్నది.

పాలకు బదులు ఏమని అడిగిన వాళ్ళకు: కాల్షియం కోసం రాగి జావ, నువ్వులు. వంద గ్రాముల పాలలో సుమారు 120 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటే రాగుల్లో 340కి పైగా ఉంటుంది, పొట్టుతో ఉన్న నువ్వుల్లో ఇంకా చాలా ఎక్కువ. అయితే గింజల్లోది పాలల్లోదంత సులువుగా ఒంటబట్టదు, అందుకే డాక్టరమ్మ కాల్షియం మందు కూడా రాసింది. అది మానలేదు. జావలో మజ్జిగకు బదులు నిమ్మకాయ పిండి, ఉల్లిగడ్డ కొరుక్కుంటుంది. పల్లీల కారం, గుడ్డు, వారానికోసారి కోడికూర. ఆరు నెలలు దాటినంక ఆమె చెప్పినట్టే మొదట రెండు చెంచాల పెరుగు, వారం ఆగి అర గిన్నె, తర్వాత పాలు. పాలు తిరిగొచ్చాయి. ఈ నెల తూకం పద్దెనిమిదిన్నర కిలోలు. తమ్మునికి కూడా రక్త పరీక్ష చేయించాం, తోబుట్టువులకు వచ్చే అవకాశం మామూలు వాళ్ళకంటే ఎక్కువ గనక. వాడికి లేదు.

బయటి వాళ్ళతో మాత్రం ఇప్పటికీ యుద్ధమే. "ఇంత ముక్కకు ఏమైతది?" అనే మాట నేను వందసార్లు విన్నాను. శ్రావణ పున్నమికి మార్కండేయ రథోత్సవం నాడు పక్కింటి పెద్దమ్మ రవ్వ శిరా దోసిట్లో పెట్టి, "దేవుని ప్రసాదం చెడు చేస్తదా?" అన్నది. ఆ మాటకు ఎదురు చెప్పడం కష్టం. పిల్లే చెప్పింది, "అమ్మమ్మా, కండ్లకు అద్దుకుంట, తినను" అని కండ్లకు అద్దుకొని నా చేతిలో పెట్టింది. గోధుమ కొంచెం తిన్నప్పుడు ప్రతిసారీ కడుపునొప్పి రాకపోవచ్చు, కాని లోపల లూపులు మళ్ళీ పోతూనే ఉంటాయి. అదే ఈ జబ్బులో మోసం. పెండ్లి భోజనాలకు దాని డబ్బా అది తీసుకుపోతుంది. భక్షాలు వడ్డిస్తుంటే తలకాయ పక్కకు తిప్పుకుంటుంది, ఏడేళ్ళ పిల్ల, చూడలేము. బతుకమ్మ పండుగ మాత్రం దానిదే. నువ్వుల ముద్దలు, పల్లీ ముద్దలు, పెసర సత్తు, బియ్యం సత్తు, అన్నీ తినవచ్చు. మలీద కూడా సజ్జ రొట్టెతో చేశాం. సత్తుపిండి అన్నీ ఇంటి రాయి మీదే.

ఇక ఏ జబ్బూ లేకుండా మానేసిన వాళ్ళ మాట. నాకు తోచింది చెబుతాను, కోపం చేసుకోకండి. షుగరున్న మా మరిది రెండు చపాతీలు మానేసి ఆ జాగాలో పళ్ళెం నిండా అన్నం తింటున్నాడు, పరీక్ష చేస్తే షుగరు పెరిగింది. బిస్కెట్టు, ఖారీ, పావు మానితే ఎవరికైనా మంచిదే, అది గోధుమ వల్ల కాదు, మైదా, నూనె, చక్కెర తగ్గడం వల్ల. పాలు పడేవాళ్ళు, ముఖ్యంగా కడుపుతో ఉన్నవాళ్ళు, ఎదిగే పిల్లలు, ఊరికే పాలు మానేసి బదులు ఏమీ తినకపోతే ఎముకలకు నష్టం. జొన్న రొట్టె తినాలనిపిస్తే తినండి, దానికి గోధుమను తిట్టాల్సిన పని లేదు.

పిల్ల చిక్కిపోతూ, కడుపుబ్బి, రక్తం ఎక్కక ఉన్న ఇండ్లు మన వాడల్లో ఇంకా ఉండవచ్చు. విడి ఘర్కుల్ నుంచి ఒక తల్లి ఇట్లాంటి పిల్లతోనే మొన్న మా ఇంటికి వచ్చి కాగితాలు చూపించింది. పరీక్షలో అదే తేలింది. వాళ్ళింట్లో ఇసుర్రాయి లేదు. ఆదివారం పది గంటల తర్వాత మా రాయి ఖాళీ. అవసరమున్న వాళ్ళు ఏరి కడిగిన జొన్నలు, ఉతికిన కొత్త సంచి తెచ్చుకొని ఇసురుకొని పోవచ్చు. గోధుమలు మాత్రం గడప లోపలికి తేవద్దు.